చిన్నమ్మ రాగి ఉంగరం

ఆ రోజు పొద్దున దీపం పెట్టి కూర్చున్నాను. ఎప్పటి వేళకే ఫోను మోగింది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, టక్కుమనే ఒక్క చప్పుడు కోసం ఆగాను. చప్పుడు రాలేదు.

"వదినా..." అని ఒక గొంతు వచ్చింది.

ఆ నంబరు నుంచి, ఆ వేళకు, మనిషి గొంతు రావడమే కబురు. మిగతాది చిన్నమ్మ కోడలు ఏడుస్తూ చెప్పింది. "నిద్రల్నే పోయింది వదినా. చాయ్ ఇద్దామని లేపితే లేవలే." నేను ఇంకేమీ అడగలేదు. ఆనాటి దేవుడి నామాలు చెప్పడం పూర్తిచేసి, దంతాలపల్లికి బయలుదేరాను.

మా అమ్మ పోయేనాటికి నాకు పదేళ్లు, తమ్ముడికి నాలుగు. అమ్మకు చెల్లెలైన చిన్నమ్మ మా ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని దంతాలపల్లి తీసుకుపోయింది. తన కొడుకు అప్పటికింకా పుట్టలేదు. పుట్టిన తరువాత కూడా కంచంలో మొదటి ముద్ద ఎవరికన్న లెక్క ఆ ఇంట్లో రాలేదు. నేను పెళ్లయి జనగామ వచ్చాను. తమ్ముడు భూపాలపల్లి బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్ అయ్యాడు. ఇద్దరమూ ఆమె చేతుల మీదుగా బతుకులో పడ్డవాళ్లమే.

చిన్నమ్మది పెద్ద గొంతు. ఒక మడి గట్టు మీద నిలబడి పిలిస్తే నాలుగు మళ్ల అవతల ఉన్నవాళ్లు తలెత్తేవారు. నాట్లు వేసేటప్పుడు పాట ఎత్తుకునేది ఆమే. నేను చిన్నప్పటి నుంచీ మాట తక్కువ మనిషిని. ఏదన్నా కావాలన్నా గడప దగ్గర నిలబడేదాన్ని తప్ప అడిగేదాన్ని కాదు. అది చూసి నవ్వేది.

"అడుగు బిడ్డా. అడిగితే నోరేమన్న అరుగుతదా?"

ఈ మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఒకసారి నేను వినకపోవడం వల్ల ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కొన్నేళ్ల కింద ఆమె గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది, మాట పోయింది. డాక్టరు ముందే చెప్పాడు. చిన్నమ్మ చేయి ఊపి, కానియ్యమంది. ఊరికి వచ్చిన తరువాత చేతులతో, కళ్లతో ఇంట్లోవాళ్లకు అన్నీ చెప్పుకునేది. దూరంగా ఉన్న మాకు చెప్పే దారే లేకుండా పోయింది. ఆమెకు చదువు రాదు.

దారి ఆమే కనిపెట్టింది. ఇంట్లో పాత టెలిఫోన్ ఉంది, నల్లది, బరువైనది. ఒక పొద్దున నాకు ఫోను వచ్చింది. ఎత్తితే మాట లేదు. టక్, టక్, టక్ అని చప్పుడు. వేలికున్న రాగి ఉంగరంతో రిసీవరు మీద కొడుతోంది. "చిన్నమ్మా, నువ్వేనా?" అన్నాను. టక్. "బాగున్నవా?" టక్. "అన్నం మింగుడు పడుతున్నదా?" టక్, టక్. ఆ రోజే కుదిరిపోయింది. ఒక్కటి కొడితే అవును, రెండు కొడితే కాదు. గబగబా వరుసగా కొడితే నవ్వుతున్నట్టు.

నా నంబరు ఆమెకు అంకెల్లో తెలియదు. వేలు ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో తెలుసు. రోజూ పొద్దున నేను దీపం పెట్టే వేళకు చేసేది. నేను ఇరవై ఒక్క నామాలు చెప్పేదాన్ని. ఒక్కో నామానికి అటు నుంచి ఒక్కో టక్. ఇరవై ఒకటి అయ్యాక రెండు మంచి మాటలు, రెండు ప్రశ్నలు. అంతే. గొంతున్న రోజుల్లో కూడా మేమిద్దరం కలిసి ఇంత మాట్లాడుకోలేదనిపించేది.

సెల్‌ఫోను కూడా కొనిచ్చి చూశాం. దాన్లో ఆ చప్పుడు సరిగా వచ్చేది కాదు. పైగా అద్దం మీద ఆమె వేలు నిలిచేది కాదు. కోడలు ఆటపట్టించేది, "మా అత్తమ్మకు గా నల్లదాని మీదనే పాణం. మా మామ మీద గూడ అంత లేకుండె వదినా" అని.

పోయినేడు రోడ్డు వెడల్పు చేస్తూ స్తంభాలు తీశారు. వాటితో పాటే టెలిఫోన్ తీగ పోయింది. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ వేయలేదు. అప్పటికి ఊళ్లో ఇంటర్నెట్ కేబుల్ వచ్చి ఉంది. తమ్ముడు ఎవరినో అడిగి ఒక చిన్న డబ్బా తెచ్చాడు. మామూలు ఫోనును దానికి కలిపితే మాట ఇంటర్నెట్ మీదుగా పోతుందట. గోడలోంచి వచ్చే పాత వైరు పీకేశాడు. ఫోను వైరును డబ్బా వెనకాల గుచ్చాడు. డబ్బా నుంచి ఇంకో వైరును ఇంటర్నెట్ పెట్టెకు కలిపాడు. ల్యాప్‌టాపులో ఏవో వివరాలు కొట్టాడు. డబ్బా మీద పచ్చ దీపం వెలిగింది. రిసీవరు ఎత్తితే ఎప్పటి గుయ్ మనే చప్పుడు.

వెంటనే నాకే చేశాడు. "అక్కా, పాత ఫోనే, పాత జాగనే. మనిద్దరికి ఫోను చేసే తీరు గూడ గంతే. ఎట్ల వినిపిస్తున్నది?"

"పక్కన కూసోని మాట్లాడినట్టున్నది."

"చిన్నమ్మకిస్తున్న, మాట్లాడు."

అప్పటికి చాలా రోజులుగా నా మనసులో ఒక మాట ఉంది. ఆమె బరువు తగ్గుతోందని కోడలు చెప్పింది. కొన్నాళ్లు తెచ్చుకుని దగ్గర పెట్టుకోవాలని ఉంది. ఆ ఉత్సాహంలో అడిగేశాను. "చిన్నమ్మా, జనగామకు వస్తవా? కొన్ని దినాలు నా దగ్గరుందువు."

చప్పుడు లేదు.

ఆగాను. అవునన్న ఒక్కటీ రాలేదు, కాదన్న రెండూ రాలేదు. లైను బాగుంది, ఇప్పుడే తమ్ముడి గొంతు విన్నాను. అంటే ఆమె ఊరుకుంది. రావడం ఇష్టం లేదు, కాదని చెప్పడానికి మనసొప్పడం లేదు. కొడుకూ కోడలూ చూసుకోవడం లేదని నేను అన్నట్టుగా తీసుకుందేమో. అట్లా అనుకున్నాను.

"సరే చిన్నమ్మా" అని పెట్టేశాను.

మర్నాడు పొద్దున ఫోను మోగింది. నామాలు మొదలుపెట్టాను. ఒక్కదానికీ చప్పుడు రాలేదు. కోపం తగ్గలేదనుకున్నాను. ఇరవై ఒకటీ ఒక్కదాన్నే చెప్పి పెట్టేశాను. ఆ మర్నాడూ అంతే. ఇంకో మర్నాడూ అంతే. ఏమైంది చిన్నమ్మా అని అడగడానికి నోరు రాలేదు. దేవుడికి చెప్పుకున్నాను, ఆమె మనసు కుదుటపడాలని. ఆమెను అడగలేదు.

పదకొండో రోజు కోడలు తన సెల్‌ఫోను నుంచి చేసింది.

"వదినా, అత్తమ్మను ఎన్నడు తీస్కపోతరు? సంచి సదిరి ఫోను పక్కన గోడ మొలకు తగిలిచ్చి పది రోజులైతున్నది. దినాం పొద్దుగాల మీకు ఫోన్ల కొడ్తది, పెట్టేస్తది, పోయి దర్వాజల కూసుంటది. నన్ను చూసి గిట్ల చెయ్యి తిప్పుతది, ఇంకా రాలేదేందని."

నాకు అర్థం కాలేదు. "కొడ్తున్నదా?"

"కొట్టుడేంది వదినా! పొయ్యి కాడికి వినిపిస్తది నాకు."

నేను అడిగిన రోజునే ఆమె అవునంది. నేను సరే అన్నాను. నేను వస్తానని సంచి సర్దుకుని పది రోజులు గుమ్మంలో కూర్చుంది. ప్రతి పొద్దునా ఇరవై ఒక్క నామాలకు ఇరవై ఒక్కసారి కొట్టింది. నేను వినలేదు.

తమ్ముడికి చెప్పాను. "నా కండ్ల ముందటనే కొట్టింది అక్కా, ఒక్కసారి, గట్టిగ. నువ్వు సరే అన్నవని నేను గూడ అనుకున్న" అన్నాడు. మర్నాడే అతనికి వారపు సెలవు. భూపాలపల్లి నుంచి దంతాలపల్లి పోయి డబ్బా ముందు కూర్చున్నాడు. డబ్బా ఇచ్చినవాళ్లకు ఫోను చేస్తే అటువైపు మనిషితో ఏం జరిగిందో తరువాత చెప్పాడు.

"సార్, మాట్లాడితే మంచిగనే వినిపిస్తున్నది. మాట్లాడకపోతేనే వినిపిస్తలేదు."

"మాట్లాడకపోతే ఏం వినిపిస్తుంది సార్?"

"మా చిన్నమ్మ వినిపిస్తది."

ఆ మనిషి ఫోను తన పైవాళ్లెవరికో ఇచ్చాడట. వాళ్లు విషయం చెప్పారు. మనిషి గొంతు ఉన్నప్పుడే ఆ డబ్బా చప్పుడును అవతలికి మోస్తుంది. గొంతు లేనప్పుడు ఏదన్నా చప్పుడైతే, అది అక్కరలేని చప్పుడని తీసేస్తుంది. లైను శుభ్రంగా ఉండడానికి అట్లా చేశారు. వాళ్ల తప్పేమీ కాదు. గొంతు లేని మనిషి ఫోను చేస్తుందని ఎవరు అనుకుంటారు? ల్యాప్‌టాపులో ఒక చోట దానికున్న టిక్కు గుర్తు తీసేస్తే చాలట. తమ్ముడు తీసేశాడు.

"అక్కా, ఇప్పుడిను."

టక్.

ఆ చప్పుడుకు నా కళ్లు నిండాయి. "చిన్నమ్మా, జనగామకు వస్తవా?"

టక్. ఇంకా నా మాట పూర్తి కాకముందే.

"నాకు వినిపించలే చిన్నమ్మా. వినిపించకుంటే అడగాలె గద. అడగలే. తప్పు నాదే."

టక్, టక్.

ఆ వెంటనే గబగబా వరుసగా. వెనకాల తమ్ముడు కూడా నవ్వుతున్నాడు.

మర్నాడే పోయి తీసుకొచ్చాను. జనగామలో ఇరవై రెండు రోజులు ఉంది. ఊరికే కూర్చునే మనిషి కాదు. ఇంట్లో ఉన్న చింతపండంతా గింజలు తీసి ముద్దలు కట్టింది. అయిపోయాక పక్కింటావిడ చింతపండు కూడా తెప్పించుకుంది. పొద్దున పూజకు నా పక్కనే పీట వేసుకునేది. పక్కనే ఉంది కదా, తలూపితే చాలు. అయినా స్టీలు గ్లాసు బోర్లించి పెట్టుకుని, నామానికొకసారి ఉంగరంతో కొట్టేది. ఒకరోజు నేను నామం ఒకటి మరిచి ముందుకు పోతే కొట్టకుండా ఆగి నా వైపు చూసింది. వెనక్కి పోయి చెప్పిన తరువాత కొట్టింది.

వరికోతలు మొదలయ్యాయని తెలిసి ఇక నిలవలేదు. ఈ వయసులో కొయ్యడానికి కాదు, గట్టు మీద కూర్చుని చూడడానికి. బస్సు ఎక్కించాను. కిటికీ అద్దం మీద ఒకసారి కొట్టింది. ఏం అడిగానని అవునందో, నేనేమీ అడగలేదు.

చనిపోవడానికి ముందు రోజు పొద్దున కూడా ఫోను చేసింది. నామాలు అయ్యాయి. ఒక్కటీ తప్పలేదు. "కోతలైపోయినయి గద చిన్నమ్మా, మళ్ల వస్తవా? ఆదివారం నేనే వచ్చి తీస్కపోత" అన్నాను. ఒక్క చప్పుడు. నాకు వినిపించింది. అయినా ఇంకోసారి అడిగాను. "వస్తవా?" మళ్లీ ఒక్కటి.

అడిగినందుకు ఇప్పుడు నాకు కొంచెం నెమ్మదిగా ఉంది.

కార్యాలన్నీ అయ్యాక ఆ ఇంట్లో ఫోను దగ్గర కాసేపు నిలబడ్డాను. నల్లటి రిసీవరు మీద, మాట్లాడే చిల్లుల పక్కన, రాగి తగిలి తగిలి నువ్వుగింజంత చోటు తెల్లగా అరిగిపోయింది. కింద డబ్బా మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. పక్కన గోడ మొలకు గుడ్డ సంచి వేలాడుతోంది. అందులో మడత పెట్టిన రెండు చీరలు, దువ్వెన, పైన బోర్లించిన ఒక స్టీలు గ్లాసు.