కోసిం ఇచ్చిన మట్టి

రొహయెతి ఎవరినీ నమ్మేది కాదు. సుకబుమి ఊరి చివర బడిపిల్లల యూనిఫారాలు కుట్టి బతికేది. దారపు రీలు కొన్నా, లోపల అట్ట ఎంత లావుందోనని సగం విప్పి చూసేది. ఇరవై ఏళ్లుగా ఆమె దగ్గర కాజాలు కుట్టిన నన్ను కూడా, ఇంటికి బయల్దేరితే ఓ కంట కనిపెట్టేది. ఆమె నమ్మిందల్లా పెరట్లో ఇటుక గోడల మధ్య పెంచుకునే రెండు ఉడుములనే. ఆడదాని పేరు నెంగ్. మెడ గోకితే కళ్లు మూసుకునేది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక నెంగ్ కడుపు గుడ్లతో నిండింది. తిండి మానేసి, గుడ్లు పెట్టే బొరియ కోసం గోడ మూలలు గీకడం మొదలుపెట్టింది. కింద పోసింది కొబ్బరి పీచు పొట్టు. అది తవ్వడం, పొట్టు జారి గొయ్యి పూడిపోవడం. నాలుగో రోజుకి గోళ్ల మొదట్లో నెత్తురు కనబడింది.

"ఇంతకన్నా మంచి సరుకు లేదన్నాడు, దొంగముండాకొడుకు," అని రొహయెతి ఆ పొట్టు అమ్మినవాణ్ని తిట్టింది. ఏటి ఇసుక తెప్పించింది. అదీ అంతే, జారిపోయింది.

ఆమె భయానికి కారణం ఉంది. మూడేళ్ల కిందట అంతకు ముందున్న ఆడ ఉడుము గుడ్లు పెట్టలేక చచ్చిపోయింది. దానికి మట్టి ఇచ్చింది చెల్లెలి మొగుడు కోసిం. మొక్కలమ్ముకునే మనిషి. ఆ మట్టిలో పురుగుమందు ఉందని రొహయెతి తేల్చేసింది. అప్పట్నించీ మరిదితో మాటల్లేవు.

"అక్కా, కోసిం వాళ్ల వెదురు పొద కింద మట్టి పిడికిట్లో నొక్కితే ముద్దవుతుంది. బొరియ నిలుస్తుంది," అన్నాను భయంభయంగా.

"నీకేం ఇచ్చాడు వాడు, ఈ మాట చెప్పమని?" అంది. కానీ మధ్యాహ్నానికి గొడుగు తీసుకుని బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను.

వెదురు పొద దగ్గర ఆమె మట్టి తీసి వాసన చూసింది. నాలిక్కి రాసుకుని ఉమ్మేసింది. కోసిం నడుం మీద చెయ్యేసుకుని చూస్తున్నాడు.

"ఉప్పు సరిపోయిందా, వదినా?"

"నవ్వకు. ఆ రోజు ఏం కలిపావో చెప్పు."

"ఏం కలుపుతాను? ఇరవై బస్తాలు పంపాను. నువ్వు ఎన్ని పోశావు?"

రొహయెతి చేతి మట్టి దులుపుకుంది. మందు ఉందేమోనన్న అనుమానంతో ఆమె పోసింది రెండే బస్తాలు. మిగతావి గోడ వెనక వానకి నానిపోవడం నేను చూశాను.

"జానెడు మట్టిలో అది ఎక్కడ దూరుతుంది, వదినా? నడుం లోతు కావాలి," అన్నాడు కోసిం. గొంతులో ఎగతాళి పోయింది.

అయినా ఆమె ఊరుకోలేదు. ఓ కుండలో ఆ మట్టి పోసి గుప్పెడు వానపాములు వదిలింది. పొద్దున చూస్తే అన్నీ బతికే ఉన్నాయి. అప్పుడు కబురు పంపింది. కోసిం నలభై బస్తాలు తెచ్చి, తనే గోడ దిగి, కాళ్లతో తొక్కి గట్టిచేశాడు. పైనుంచి ఆమె అతని చేతులనే చూస్తూ నిలబడింది.

నెంగ్ ఆ సాయంత్రమే తవ్వింది. తోక కూడా లోపలికి పోయింది. మర్నాడంతా బయటికి రాలేదు.

"బొరియ కూలిపోయుంటుంది. పార ఇటివ్వు!" అంది రొహయెతి.

చూడ్డానికొచ్చిన కోసిం పార మీద కూర్చున్నాడు. "నన్ను తిట్టుకో. దాన్ని మాత్రం కదపకు."

ఆమె తిట్టింది. వాళ్ల నాన్నని కూడా కలిపి తిట్టింది. అతను లేవలేదు.

మూడో రోజు పొద్దెక్కాక నెంగ్ బయటికొచ్చింది. పొట్ట పీక్కుపోయి, ఒళ్లంతా మట్టి. రొహయెతి విసిరిన చేపను గాల్లోనే అందుకుంది. బొరియ చివర పదకొండు గుడ్లు దొరికాయి. ఏడు నెలలకు వాటిలో ఆరు పిల్లలయ్యాయి.

పాత ఉడుము గురించి ఆమె ఆ తర్వాత ఒక్కసారే మాట్లాడింది, కుట్టుపని మీద నుంచి తలెత్తకుండా. "ఆ పద్దెనిమిది బస్తాలూ పోసుంటే బతికేదంటావా?"

ఏమో అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

కోసిం కోసం ఓ చొక్కా కుట్టింది. అతను తొడుక్కునే ముందు దాని చేతులు తిరగేసి, గుండుసూదులున్నాయేమోనని వెతికాడు. ఆమెకు కోపం రాలేదు. "కాలరు కూడా చూసుకో," అంది.