సైమీ ఇంటి శనివారం ఆవిరి

సైమీ రౌతియో నాకంటే రెండేళ్ళు పెద్దది. మిన్నెసోటాలోని ఈ ఇనుప గనుల ఊళ్ళో మా ఫిన్లాండు వాళ్ళ కుటుంబాలు వందకు పైనే ఉండేవి. కార్మికుల హాల్లో నాటకం వేస్తే నాయిక ఎప్పుడూ సైమీయే. మొగుడు గని కూలి చనిపోయాక కూడా స్టేజీ మానలేదు. "ఏడుపు వేషాలు మాత్రం నాకొద్దు, అది ఇంటిదగ్గర చేసుకుంటాలే" అనేది.

ఆ హాలు ఎర్రజెండా వాళ్ళదే, కాదని బొంకను. మేం వెళ్ళింది మాత్రం నాటకాలకీ, డాన్సులకీ.

శనివారం సాయంత్రం సైమీ పెరట్లో సౌనా వేడెక్కేది. ఆ చెక్కగదిలో కాలిన రాళ్ళమీద నీళ్ళు చల్లి, ఆవిర్లో కూర్చుని ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటే వారం నొప్పులన్నీ వదిలేవి. ఆ తర్వాత ఆమె వంటింట్లో కాఫీ, యాలకుల రొట్టె, ఊరందరి మీదా చాడీలు. ఇరవై ఏళ్ళలో, పురుళ్ళు పోసుకున్నప్పుడు తప్ప, నేను ఒక్క శనివారం మానలేదు.

పంతొమ్మిదివందల యాభై రెండులో టోపీలు పెట్టుకున్న ప్రభుత్వం మనుషులు ఇద్దరొచ్చి, హాలుకి ఎవరెవరు వచ్చేవాళ్ళని సైమీని అడిగారు.

"ఊరంతా వచ్చేది బాబూ. టికెట్టు కొనకుండా దూరినవాళ్ళ పేర్లు కావాలా?" అందట.

వారంపాటు ఊరు ఊరంతా చెప్పుకుని నవ్వింది. ఆ తర్వాత బడి వంటగదిలో ఆమె పని పోయింది. నవ్వులు ఆగిపోయాయి.

రేడియోలో రోజూ రష్యా గూఢచారుల కబుర్లే. కొరియా యుద్ధంలో మా వీధి కుర్రాడొకడు పోయాడు. నా మొగుడు ఊర్హోకి ఇంకా పౌరసత్వం రాలేదు. హాలుతో సంబంధం ఉన్నవాళ్ళని ఓడెక్కించి పంపేస్తారని పుకారు.

"ఈ శనివారం వెళ్ళకే" అన్నాడు.

"చెమట పట్టడానికి కూడా పార్టీ ఏంటయ్యా?"

"చెమటకి లేదే. చూసేవాళ్ళకుంది."

వెళ్ళలేదు. ఆ టోపీలవాళ్ళు మళ్ళీ మా ఊరు రానేలేదు. మిగతా పనంతా మేమే చేసిపెట్టాం. నన్ను చూసి పక్కింటివాళ్ళు మానేశారు, వాళ్ళని చూసి ఎదురింటివాళ్ళు. సైమీ మాత్రం సౌనా వేడిచెయ్యడం మానలేదు. శనివారం ఆ పొగగొట్టంలోంచి పొగ లేస్తుంటే నా ప్రాణం అటే లాగేది. ఆమె నవ్వు కోసం మొహం వాచిపోయాను. వంద గజాల దూరం, ఐదేళ్ళపాటు దాటలేకపోయాను.

ఊర్హోకి కాగితాలు వచ్చిన వారమే రొట్టె చేసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళాను. తలుపు కొట్టాను.

"వచ్చావా హిల్యా! రా, ఆవిరి సిద్ధంగానే ఉంది" అంది సైమీ. జుట్టంతా తెల్లబడిపోయింది.

ఒక్క నిష్ఠూరమైనా ఆడలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. సౌనాలో పై చెక్కమెట్టుమీద పక్కపక్కనే కూర్చున్నాం. క్షమించమని అడగబోయి, సబ్బు అందుకుని, "అటు తిరగవే, వీపు రుద్దుతాను" అన్నాను.

సైమీ గోడకున్న పొడుగుకర్ర బ్రష్షు తీసుకుంది.

"వద్దులేవే. ఇన్నేళ్ళూ నేనే రుద్దుకుంటున్నాగా, అలవాటైపోయింది."