పెదాలు కదిపితే చాలు

బరంపురం నుంచి చికిటి వెళ్లే బస్సది. ఎండకి అందరూ జోగుతున్నారు. డ్రైవరు పెట్టిన ఒడియా పాటల మధ్య మన తెలుగు పాట ఒకటి వచ్చింది, అమ్మవారి యాత్ర పాట. మా వీధిలో ప్రతి ఫోనులోనూ ఉన్నదే. నా పక్కన కూర్చున్న నడివయసావిడ కిటికీలోంచి చూస్తూ, గొంతు బయటికి రాకుండా పెదాలు కదుపుతోంది. ఊపిరి తీసుకునే చోటు కూడా పాటలో ఉన్నట్టే కుదురుతోంది.

"పాటంతా వొచ్చీసినట్టుంది అక్కా నీకు," అన్నాను.

"పాడింది నానే," అంది, తనది ఏ ఊరో చెప్పినంత మామూలుగా. "అప్పుడు సీడీలు కొనీవోరు. ఇప్పుడెవులు కొంతారమ్మా? ఫోన్లోకి దించీసుకుంతన్నారు."

"మరి పోగ్రాములుంటాయి గదా?"

"ఉంటాయి. ఇయ్యాల సికిటిలో ఉంది. పోగ్రాం పెట్టినోలకి ఫోన్లో ఇన్నట్టే ఉండాలట. అందుకని ఈ పాటే ఏసీసి, నన్ను మైకు సేత్తో అట్టుకుని పెదాలు కదపమంతారు. పాడక్కర్లేదు గదా అని డబ్బులు సగమే ఇస్తారు."

"ఆ గొంతూ నీదే గదక్కా," అన్నాను.

"అదే అడిగినాను. అది ఫోన్లోకి ఊరికినే వొచ్చింది, దానికి డబ్బులేటి అన్నారు."

ఆ మాటలో కోపం కూడా లేదు. పాట అయిపోయి ఇంకోటి మొదలైంది. ఆవిడ పని ముగించుకున్నట్టు కొంగుతో పెదాలు తుడుచుకుని కళ్లు మూసుకుంది.

ఇప్పుడు ఏ పందిట్లో ఎవరు పాడుతున్నా, నేను ముందు మెడ వైపే చూస్తాను, నరం కదులుతోందా అని.