ఉబ్బిన ఇసుక

ఇంజనీరు ఉద్యోగంలో చేరాక ప్రభుత్వం నాకు అప్పగించిన మొదటి సాంకేతిక బాధ్యత ఖాళీ సిమెంటు సంచులు లెక్కపెట్టడం. తొంభైల చివరి మాట. అద్దంకి దగ్గర ఒక ఊళ్లో మంచినీళ్ల ఓవర్‌హెడ్ ట్యాంకు కడుతున్నాం. కాంక్రీటు ఎలా ఉండాలో కాంట్రాక్టు కాగితంలో ఎక్కడా లేదు. ఎలా కలపాలో మాత్రం ఉంది. సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు. ఇంత గోడకు ఇన్ని బస్తాలు. ఆ బస్తాలు నిజంగా పడ్డాయనడానికి రుజువు ఖాళీ సంచులు. మా పై అధికారి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఈఈ గారు జీపు దిగితే ట్యాంకు వైపు తల కూడా ఎత్తేవారు కాదు, తిన్నగా సంచుల కుప్ప దగ్గరికి నడిచేవారు.

"సంచి అబద్ధం చెప్పదయ్యా," అనేవారు.

సంచి అబద్ధం చెప్పదు, నిజమే. కాకపోతే ఊళ్లు తిరుగుతుంది. మా డివిజన్లో ఒకే సంచుల కట్ట నాలుగు పనుల దగ్గర హాజరు వేయించుకున్న సందర్భాలు నాకు తెలుసు. కొన్ని సంచులైతే మధ్యలో ఎవరి మిరప కల్లంలోనో పట్టాగా పని చేసి మరీ వచ్చేవి. లెక్కపెడుతుంటే ఘాటుకి నాకు ఆగకుండా తుమ్ములు. "సిమెంటు దుమ్ము, మెల్లగా అలవాటవుతుంది," అని ఈఈ గారు ధైర్యం చెప్పేవారు.

మాదీ మిరప పండించే ఇల్లే. గుంటూరు యార్డులో మా నాన్న వెనక నిలబడి చూశాను. కొనడానికి వచ్చినవాడు ఎన్ని బస్తాల ఎరువు వేశావని ఒక్కనాడూ అడగలేదు. కాయ తుంచి, రంగు చూసి, గింజ నాలుక మీద పెట్టుకుని ధర చెప్పేవాడు. అదే ఇంట్లోంచి వచ్చిన నేను కాయ వదిలేసి ఎరువు బస్తాలు లెక్కపెట్టే ఉద్యోగంలో కుదురుకున్నాను. ఇంట్లో అందరూ గర్వపడ్డారు.

ఆ ట్యాంకు పనిలో కాంక్రీటు పోయించే మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. ఊళ్లో అందరూ సాయిబు మేస్త్రి అనేవాళ్లు. చదువు లేదు, సెంటు పొలం లేదు. ముప్పై ఏళ్లలో తన చేతి మీద లేచిన ట్యాంకుల్లో ఒక్కటీ కారలేదన్న పేరు ఉంది. అదే ఆయన ఆస్తి. ఆ పేరు చెప్పుకునే కూతురికి సంబంధం కుదుర్చుకున్నానని నవ్వుతూ అనేవాడు. కలిపే మిల్లర్లోంచి కాంక్రీటు దిగగానే గుప్పెడు తీసి పిసికి, ముద్ద నిలబడితే తల ఊపేవాడు, లేకపోతే కాస్త అటూ ఇటూ మార్చేవాడు. నాకు ఆ అటూ ఇటూ నచ్చేది కాదు. కాగితంలో లేదు కదా.

గోడ పోసే రోజుకి ముందు సాయంత్రం జల్లు పడింది. పొద్దున్నే మేస్త్రి ఇసుక కుప్పలో చెయ్యి పెట్టి చూసి నా దగ్గరికి వచ్చాడు.

"బాబు గారూ, ఇసుక ఉబ్బింది. కొలత పెట్టెతో పోస్తే మోసపోతాం. ఇంకాస్త ఇసుక వేసి, నీళ్లు తగ్గిద్దాం."

"ఉబ్బడానికి అదేమన్నా పూరీనా మేస్త్రీ?" అన్నాను. చుట్టూ ఉన్న కూలీలు నవ్వారు. ఆ నవ్వు నాకు బాగానే ఉంది.

ఆయన నవ్వలేదు. ఒక చెంబు తెప్పించి, దాని నిండా ఆ తడి ఇసుక పోసి పైన చేత్తో సాపు చేశాడు. మెల్లగా నీళ్లు పోసి పుల్లతో కదిపాడు. ఇసుక రెండు వేళ్ల మందం కిందికి దిగిపోయింది.

"చెంబు నిండా ఉందనుకున్నారు. లేదు," అన్నాడు. "పెట్టెలోనూ అంతే. ఇసుక చాలక కంకర ఒరుసుకుని గోడలో బొర్రలు మిగులుతాయి."

నేను కళ్లారా చూశాను. చూసి కూడా, "కాగితంలో ఒకటిన్నర అని ఉంది. ఉబ్బినా ఉడికినా ఒకటిన్నరే," అన్నాను. మేస్త్రి చెంబు బోర్లించి, పనిలోకి దిగాడు. ఆ రోజు ఒకటిన్నర పెట్టెకు గింజ ఎక్కువ పడకుండా నేనే దగ్గర నిలబడి కాపలా కాశాను.

బలం పరీక్షకు పంపే కాంక్రీటు దిమ్మలు మాత్రం వేరే. వాటిని నాలుగు రోజుల తర్వాత ఎండిన ఇసుకతో, పెళ్లికూతుర్ని చేసినంత ముద్దుగా చేయించాం. ఇరవై ఎనిమిది రోజులకు అవి ఫస్టు క్లాసులో పాసయ్యాయి. ట్యాంకు పరీక్షకు కూర్చోలేదు గనక ఫెయిలయ్యే ప్రమాదమే లేదు.

గోడకు కట్టిన రేకులు విప్పిన రోజు తేనెపట్టులా బొర్రలు. పైన సిమెంటు పూసి, దేవుడి మీద భారం వేసి నీళ్లు నింపాం. మర్నాటికి గోడ చెమర్చింది, మూడో రోజుకి ధార కట్టింది. ఊరి ఆడవాళ్లు బిందెలు తెచ్చి ట్యాంకు కిందే వరస కట్టారు. పైపులు వెయ్యకముందే నీళ్లిచ్చిన ట్యాంకు మా శాఖ చరిత్రలో అదొక్కటే అయి ఉంటుంది.

ఆ బిందెల వరస చూస్తుంటే నాకు వెలిగింది. కాలేజీలో నేను 'బల్కింగ్ ఆఫ్ శాండ్' మీద రెండు పేజీల జవాబు రాసి, గ్రాఫు గీసి, నిండు మార్కులు తెచ్చుకున్నాను. మేస్త్రి చెంబుతో చూపించింది అక్షరాలా అదే. బల్కింగ్ అంటే చేతులు కట్టుకుని వినేవాణ్ణి. ఉబ్బింది అన్నాడు గనక నాకు పూరీ గుర్తొచ్చింది.

విచారణ జరిగింది. కాగితాలన్నీ సక్రమం. సంచులు సరిపోయాయి, పాళ్లు సరిపోయాయి, దిమ్మలు పాసయ్యాయి. ఫైలు ప్రకారం ఆ ట్యాంకు కారడం లేదు. ఈఈ గారు నన్ను గదిలోకి పిలిచారు.

"చూడవయ్యా. పాళ్లు తప్పంటే, పాళ్లు రాసిచ్చిన మనది తప్పవుతుంది. కాబట్టి పాళ్లు తప్పు కాదు. ఇంకేం మిగిలిందో నువ్వే ఆలోచించి రాయి."

పెద్దగా ఆలోచించలేదు. 'పనివారి నైపుణ్యలోపం' అని రాశాను. ఈఈ గారు దాని కింద ఒక వాక్యం చేర్చారు, సదరు మేస్త్రిని శాఖ పనులలో వినియోగించరాదని. నేను సంతకం పెట్టాను. ఆ తర్వాత సాయిబు మేస్త్రి అద్దంకిలో ఇళ్ల బాత్రూములకు ప్లాస్టరింగ్ చేసుకుంటున్నాడని విన్నాను. ఆ వైపు పని పడితే వేరే దారిన వెళ్లేవాణ్ణి.

కొన్నేళ్లకు పైనుంచి కొత్త పద్ధతి దిగింది. దాని గురించి చెప్పడానికి గుంటూరులో మీటింగు పెట్టి, సమోసాలిచ్చి, ఒక నిపుణుణ్ణి రప్పించారు. ఇకనుంచి కాంక్రీటు ఎలా కలపాలో మనం చెప్పం, ఏం కావాలో చెబుతాం, అన్నాడాయన. ఇంత బలం రావాలి, ఏడు రోజులు నీళ్లు నిలవాలి, ఐదేళ్ల దాకా కారితే కాంట్రాక్టరుదే పూచీ. హాల్లో సమోసా నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. చివరికి ఒక పెద్దాయన లేచాడు.

"బాగుంది సార్. ఇంతకీ బస్తాలెన్ని?"

"అది కాంట్రాక్టరు ఇష్టమండి."

"ఆయన ఇష్టమే, కాదనం. సుమారుగా ఎన్ని?"

మా ఈఈ గారు వారంలోగా ఉత్తర్వు తయారు చేశారు. 'కాంట్రాక్టరు తనకు నచ్చిన పాళ్లలో కాంక్రీటు కలుపుకొనవచ్చును. అయితే ఆ పాళ్లు ఒకటి, ఒకటిన్నర, మూడుకు భిన్నముగా ఉండరాదు. ఖాళీ సంచులు యథాప్రకారం భద్రపరచవలెను.' రెండో వాక్యం పైవాళ్లు కొట్టేసి పంపారు. మూడోది ఎవరి కంటా పడలేదు కాబోలు, ఉండిపోయింది. కొత్త పద్ధతిలోనూ నేను తుమ్ముతూనే ఉన్నాను.

కొత్త పద్ధతి కింద పక్క మండలంలో మొదటి ట్యాంకు నాకే పడింది. పని మొదలైన రోజు వెళ్లేసరికి మిల్లరు పక్కన సాయిబు మేస్త్రి. గడ్డం తెల్లబడింది. నేను కాంట్రాక్టరు వైపు చూశాను.

"అలా చూడకండి సార్. ఇదివరకు మీరు చెప్పినట్టు కలిపితే బిల్లు వచ్చేది, ఎవణ్ణి పెట్టినా ఒకటే. ఇప్పుడు చుక్క కారినా ఐదేళ్లు నా మెడకే. వెతుక్కుని తెచ్చుకున్నాను," అన్నాడు కాంట్రాక్టరు.

గోడ పోసే రోజు మళ్లీ తడి ఇసుకే. మేస్త్రి గుప్పెడు తీసుకుని నా దగ్గరికి వచ్చి ఆగాడు. చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"ఉబ్బింది కదండీ మేస్త్రి గారూ," అన్నాను. "మీ ఇష్టం."

ట్యాంకు నింపి, లోపలి గోడ మీద నీటి మట్టం దగ్గర గీత గీశాం. ఎనిమిదో రోజు పొద్దున్న ఇద్దరం నిచ్చెనెక్కి చూశాం. ఎండకు ఆరిపోయిన కాస్తా తప్ప నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. బయట గోడ పొడిగా ఉంది. మేస్త్రి అరచెయ్యి గోడకు ఆనించి కాసేపు తియ్యలేదు.

"బాబు గారూ, ఒక్క మాట. అప్పటి ట్యాంకు కాగితంలో నా గురించి ఏం రాశారు? ఎవరినడిగినా చెప్పరు. ఇప్పుడు మార్చమని కాదు, తెలిస్తే చాలు."

నైపుణ్యలోపం అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ గోడ దగ్గర నిలబడి ఆయనతో ఆ మాట అనడానికి సిగ్గేసింది. సిగ్గుపడిన మనిషి నిజం చెబుతాడని అందరూ అనుకుంటారు.

"ఇసుక ఉబ్బిందని రాశాను," అన్నాను.

మేస్త్రి మొహం విప్పారింది. "అదేగా నేను చెప్పింది," అన్నాడు. నిచ్చెన మీద కాలు పెట్టాడు, రెండు మెట్లు దిగి ఆగాడు. తలెత్తి, ఏ కోపమూ లేకుండా, నిజంగానే తెలియక అడిగాడు.

"మరి తప్పు ఇసుకదైతే, ఇన్నేళ్లు నన్నెవరూ ఎందుకు పిలవలేదు బాబూ?"

నేను గీత వైపు తిరిగి, నీళ్లు తగ్గాయేమోనని ఇంకోసారి చూశాను.