దోన్యా ఎర్మెలిందా ఆకుపచ్చ ఏప్రాన్

మా ఇరాపువాతో ఊళ్ళో కోటు వేసుకున్నవాడెవడైనా ముసలివాళ్ళను "అమ్మమ్మగారూ" అని పిలిస్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది. ఏదో లాక్కోబోతున్నాడన్నమాటే. ఈ సంగతి నాకు, పెద్దావిడని మేమంతా మర్యాదగా 'దోన్యా' అని పిలిచే ఎర్మెలిందా వల్ల తెలిసింది.

మా వీధి చివరి పెద్ద సూపర్‌మార్కెట్‌లో, నాలుగో కౌంటర్ దగ్గర నిలబడి జనం కొన్న సామాను సంచుల్లో సర్దేది ఆవిడ. నేను ఆ గేటు పక్కనే పేవ్‌మెంటు మీద తమాలెలు, అంటే ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న పిండి పొట్లాలు, అమ్ముతాను. సంచులు సర్దే పని అరవై దాటినవాళ్ళకే ఇస్తారు. పని అంటే స్టోరువాళ్ళు ఒప్పుకోరు, స్వచ్ఛంద సేవ అనాలి. జీతం లేదు, బీమా లేదు, కూర్చోవడానికి స్టూలైనా లేదు. సంచి అందుకున్నవాళ్ళు చేతిలో పెట్టే చిల్లరే రాబడి. ఇంతా చేసి, స్టోరు ముద్ర కుట్టిన ఆకుపచ్చ ఏప్రాన్ కూడా వాళ్ళే డబ్బిచ్చి కొనుక్కోవాలి. నాకైతే చూసినప్పుడల్లా కడుపు మండేది.

ఎర్మెలిందాకి మాత్రం ఆ చోటంటే ప్రాణం. వయసులో ఉన్నప్పుడు ప్యాంట్ల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసింది. ఫ్యాక్టరీ మూతపడింది, మొగుడు పోయాడు, పింఛను రాలేదు. నాలుగో కౌంటర్ దగ్గర మళ్ళీ మనుషుల్లో పడింది. ఎవరింట్లో పసిపాప పుట్టిందో, ఎవరికి షుగరు వచ్చిందో వాళ్ళ సామాను చూసి పలకరించేది. మగవాళ్ళనైతే ఆడుకునేది. "ఏం నాయనా, గుడ్ల మీద పుచ్చకాయ పెడతావా? మీ ఆవిడ నిన్ను ఇంట్లోకి ఎలా రానిస్తోంది?" అంటే లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వేవారు.

కరోనా అనే ఆ మాయదారి జబ్బు వచ్చినప్పుడు పెద్దవాళ్ళనందరినీ ఇంటికి పంపేశారు. మీ ఆరోగ్యం కోసమే అన్నారు. సరే, ఒప్పుకున్నాం. జబ్బు తగ్గింది. బళ్ళు తెరిచారు, చర్చిలు తెరిచారు, అందరికంటే ముందు సారా కొట్లు తెరిచారు. వీళ్ళను మాత్రం రానివ్వలేదు. ఆవిడ వెళ్ళి అడిగినప్పుడల్లా మేనేజర్ ఉలీసెస్ "పైవాళ్ళు ఆలోచిస్తున్నారు" అనేవాడు. ఈలోగా గుమ్మం పక్కన ఆవిడ నవ్వుతున్న ఫొటో ఒకటి ఇంతెత్తున పెట్టారు, కింద 'మా పెద్దలు మా గర్వం' అని. మనిషిని బయటికి పంపి బొమ్మను లోపల పెట్టుకున్నారు, సిగ్గులేని వెధవలు.

పోయిన ఆగస్టు ఆఖర్లో, తాతయ్యల, అమ్మమ్మల పండుగనాడు, ఆవిడ పొద్దున్నే నా దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చింది. ఇస్త్రీ చేసిన ఏప్రాన్ వేసుకుని ఉంది.

"ఫిదెన్సియా, పిలిచారే! ఏప్రాన్ వేసుకుని మరీ రమ్మన్నారు. పనికి కాకపోతే ఏప్రాన్ ఎందుకు వేసుకోమంటారు చెప్పు?"

అవును కదా అనిపించింది నాకూ. తమాలె ఇస్తే తినలేదు, ఏప్రాన్ మీద మరక పడుతుందట. గిన్నె మీద మూతపెట్టి నేనూ ఆవిడ వెనకే వెళ్ళాను.

లోపల బెలూన్లు, కేకు, కెమెరా పట్టుకుని ఒకమ్మాయి. ఉలీసెస్ తేనె పూసిన గొంతుతో ప్రసంగం చేశాడు. ఆవిడ చేతికి కత్తి ఇచ్చి ఫొటోలు తీయించాడు. తర్వాత కాగితం ప్లేటులో కేకు ముక్క పెట్టి, "ఇక ఇంటికి జాగ్రత్తగా వెళ్ళండి అమ్మమ్మగారూ" అన్నాడు. ఆవిడ ఆ ప్లేటు నా చేతిలో పెట్టి, తిన్నగా నాలుగో కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఎవరివో టమాటాలు సంచిలో పెట్టడం మొదలుపెట్టింది.

ఉలీసెస్ పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో, ఇదేంటమ్మమ్మా! ఇవాళ మీ పండుగ. మీరు విశ్రాంతి తీసుకోవాలి."

"నాలుగేళ్ళుగా తీసుకుంటూనే ఉన్నాను బాబూ. ఇక అరగట్లేదు. నా చోటు నాకిచ్చెయ్."

"ఆ చోటు ఇక ఉండదు. కొన్నవాళ్ళే బిల్లు చేసుకునే మెషిన్లు వస్తున్నాయి. అలాగని మిమ్మల్ని తీసేశామనుకోకండి. తీసెయ్యడానికి మీరేం ఉద్యోగులు కాదు కదా? స్వచ్ఛందంగా వచ్చారు."

ఆవిడ చేతిలో టమాటాతోనే వాడివైపు తిరిగింది. "నేను నీ అమ్మమ్మను కాను," అంది. "నాకు పేరుంది. ఎర్మెలిందా." ఆ టమాటాను జాగ్రత్తగా సంచిలో పెట్టి బయటికి వచ్చేసింది. ఆ కేకు వాడి మొహాన కొట్టాలనిపించింది. చెత్తబుట్టలో కొట్టి వచ్చాను.

మర్నాడు ఆవిడ మళ్ళీ వచ్చింది, అదే ఏప్రాన్‌తో. లోపలికి వెళ్ళలేదు. పేవ్‌మెంటు మీద నా గిన్నె పక్కనే నిలబడింది. లోపల సర్దేవాళ్ళు లేరు కనుక జనం ఖాళీ సంచులు భుజాన వేసుకుని సామాను చేతుల్లో, చంకల్లో ఇరికించుకుని బయటికి వస్తున్నారు. ఆవిడ పిలిచి మరీ సర్దిపెట్టింది. కాసేపటికే నా ముందు తమాలెల కోసం ఒక లైను, ఆవిడ ముందు సంచులతో ఒక లైను తయారయ్యాయి.

ఉలీసెస్ మొహం కందగడ్డలా చేసుకుని వచ్చాడు. "ఇక్కడ నిలబడమని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. స్వచ్ఛందంగా వచ్చాను. జీతం అడిగానా? బీమా అడిగానా? నీ ఉద్యోగిని కానప్పుడు పొమ్మనడానికి నువ్వెవరు? పైగా ఇది మునిసిపాలిటీ పేవ్‌మెంటు."

వాడు చుట్టూ చూశాడు. అందరూ చూస్తున్నారు మరి. "అయితే ఆ ఏప్రాన్ విప్పండి. దాని మీద మా ముద్ర ఉంది. అది స్టోరు సొత్తు" అన్నాడు.

"కొన్నది ఆవిడరా, దొంగ సచ్చినోడా!" అని గరిటె ఎత్తాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కత్తెర ఉందా ఫిదెన్సియా?"

తమాలె పొట్లాల తాళ్ళు కత్తిరించే కత్తెర ఇచ్చాను. ఆవిడ ఏప్రాన్ విప్పి, నా స్టూలు మీద కూర్చుని, ముద్ర చుట్టూ ఉన్న కుట్లు ఒక్కొక్కటే విప్పసాగింది. తొందరేమీ లేదు. లైన్లో ఒక్కరూ కదల్లేదు. వాడు ఎండలో నిలబడే ఉన్నాడు. ఆఖరి దారం కూడా తెంపి, ఆ గుడ్డముక్కను వాడి అరచేతిలో పెట్టింది.

"ఇదిగో, మీది. మిగతాదంతా నాది."

ఏప్రాన్ మళ్ళీ కట్టుకుంది. వెలిసిపోయిన గుడ్డ మీద ముద్ర ఉన్నంత మేర కొత్తగా, పచ్చగా ఉంది.

"రా అమ్మా, తర్వాత నువ్వేనా? ఆ సంచి ఇలా తే. గుడ్ల మీద అంత బరువు పెడతారా ఎవరైనా!"