సోఫాకు రెండు కవర్లు

మొన్న మా మరిది పెండ్లి సంబంధం సోఫా మీదికెళ్లి జారి కిందపడ్డది! నవ్వకుండ్రి, పడేసింది నేనే.

పాలమూరుల మా ఇంట్ల సోఫా ఉన్నది గదా, కొన్ననాటి ప్లాస్టిక్ నేను ఇంక తియ్యలే. "గా ప్లాస్టిక్ తియ్యరాదే, కూసుంటే వీపుకు అంటుకుంటాంది" అని మా ఆయన మొత్తుకుంటడు. తీస్తే ఖరాబ్ గాదా? గందుకే అందరం కింద చాప మీదనే కూసుంటం. సోఫా మాత్రం దొరసాని లెక్క దర్జాగ ఉంటది.

ఇగ ఆత్మకూర్ నుంచి పిల్లతరఫోళ్లు ఇల్లు చూడనీకి వస్తున్నమని ఫోన్ చేసిండ్రు. మా మరిదికి ఆ పిల్ల మస్తు నచ్చింది. గని వాళ్లింట్ల పిల్ల పెదనాయిన మాటే మాట. ఆయన ఊ అంటేనే పెండ్లి. గిసొంటప్పుడు ప్లాస్టిక్ కనిపిస్తే ఇజ్జత్ పోదా? ఆన్‌లైన్ల సాగే బట్ట కవర్ తెప్పిచ్చిన. మెరూన్ రంగు, నున్నగ మెరుస్తాంది. దాన్ని ప్లాస్టిక్ మీదనే తొడిగిన! నా తెలివి గట్లుంటది.

పెదనాయిన భారీ మనిషి, తెల్ల ధోతి. "కూసోండ్రి పెదనాయినా, కొత్త కవర్" అని మురుసుకుంట చాయ్ చేతికిచ్చిన. ఆయన జర ఎనుకకు ఒరిగిండో లేదో, సర్రుమని జారిండు! చాయ్ ధోతి మీద, ఆయన చాప మీద, ఊడొచ్చిన కవర్ ఆయన నెత్తి మీద! ఎనుక ప్లాస్టిక్ తళతళ మెరుస్తాంది. మా మరిది నన్ను కొరకొర చూస్తుండు. నాకైతే సిగ్గుతోని పాణం పోయింది.

పిల్ల తల్లి ఆ ప్లాస్టిక్‌ను వేలుతోని తట్టి చూసింది. "ఏందమ్మా, మా పిల్లను గూడ గిట్లనే ప్యాక్ చేసి పెడ్తరా?"

పెదనాయిన కవర్ల నుంచి తల బయటపెట్టి పకపక నవ్విండు. "ఊకో తల్లీ! సోఫానే గింత పైలంగ చూసుకునేటోళ్లు పిల్లను చూసుకోరా? నాకు ఇష్టమే."

బతికినం అనుకున్న. ఎక్కడ!

ఎంగేజ్‌మెంట్ నాడు ఫంక్షన్ హాల్ల కుర్చీలన్నిటికి తెల్లబట్ట కవర్లు. పిల్లతరఫోళ్లు ఒక్కొక్కరే వస్తరు, నా దిక్కు చూస్తరు, కుర్చీ బట్ట పైకి లేపి కింద ఏమున్నదో చూసి అప్పుడు కూసుంటరు! ఆఖరికి మంత్రాలు చదివే అయ్యగారు గూడ లేపి చూసిండు.

ఇంక ఏం జెప్పాలె? కూసునే ముందు నేను గూడ చూసుకున్న!