అమావాస్య నాడు నగరి మగ్గాలతో క్లారినెట్

"ఇంటర్నెట్‌లో మరమగ్గం చప్పుడు బోలెడు దొరుకుతుంది. ఒకటి దించి నీ క్లారినెట్ కింద పరిచేస్తా" అన్నాడు కిరణ్. చెన్నైలో కంప్యూటర్ మీద శబ్దాలు అల్లే అతనూ, తిరుపతిలో క్లారినెట్ వాయించే నేనూ కలిసి చేస్తున్న ఆల్బంలో ఆఖరి ముక్క అది. ఎల్లుండి పొద్దుటికల్లా నా రికార్డింగు రాకపోతే అలాగే కానిచ్చేస్తానన్నాడు. ఎక్కడి మగ్గమో తెలియని చప్పుడు మీద నా ఊపిరి పెట్టడం నాకిష్టం లేదు. నగరిలో తెలిసినవాళ్ల ద్వారా ఒక మరమగ్గాల షెడ్డు మాట్లాడుకున్నాను. "ఎప్పుడైనా రామ్మా" అన్నారు వాళ్లు.

మర్నాడు పొద్దున్నే తిరుపతి బస్టాండులో ఆరున్నరకు పల్లెవెలుగు బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే మన ఆడవాళ్లకు టికెట్టు డబ్బుల్లేవు. వడమాలపేట, పుత్తూరు మీదుగా రెండు గంటల లోపే ప్రయాణం. కండక్టరు నా నల్లపెట్టెను అనుమానంగా చూశాడు.

"ఏముండాది పాపా దాంట్లో, తుపాకీనా?"

"క్లారినెట్ అన్నా."

"ఓ, బ్యాండు మేళమా! పెండ్లికా, సావుకా?"

"రెండూ కాదు. మగ్గాలతో వాయించడానికి."

"సూడప్పా, మగ్గాలకు గూడా పెండ్లంట!" అని డ్రైవరుకు వినిపించేలా అరిచాడు. బస్సంతా నవ్వింది.

ముక్కులాంటి కొండ కనిపిస్తే నగరి వచ్చినట్టే. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, ముప్ఫై రూపాయల ఆటోలో మగ్గాల వీధికి చేరాను. వీధి చివర నుంచే చెవులు హోరెత్తాలి. ఒక్క చప్పుడూ లేదు. షెడ్డులో ఎనిమిది మరమగ్గాలు పసుపు కుంకుమలతో, ఒక్కోదాని ముందు అర ముక్క నిమ్మకాయతో నిలబడి ఉన్నాయి.

"అమావాస్య కదమ్మా" అన్నాడు షెడ్డు యజమాని మునిరత్నం. "ఈడ ఎవురూ నెయ్యరు. నీకు తెలీదా?"

"పది నిమిషాలు స్విచ్చి వెయ్యండన్నా. రేపటికి నాకు కుదరదు."

"పది నిమిషాలైనా అమావాస్యే."

బతిమాలాను, వాదించాను. ఆయన కదల్లేదు, నేనూ గుమ్మం దాటలేదు. ఆయన భార్య ధనమ్మ నూనెడబ్బాతో వచ్చి ఒక మగ్గం చక్రాన్ని చేత్తో తిప్పింది. దారాల చట్రాలు లేచి దిగాయి. ముందున్న పలక వచ్చి టక్కుమని తగిలింది. నేను మైకు బయటికి తీశాను.

"ఏమే, నేస్తాండావా?" మునిరత్నం గద్దించాడు.

"అడ్డదారం మోసే నాడె తీసి పక్కన పెట్టినా, సూడు. నాడె పోకుంటే గుడ్డ యాడ పడతాది? నూనె ఎక్కాలంటే తిప్పొద్దా?" అని నా వైపు తిరిగింది. "నువ్వు ఊదుకో పాపా. నేను నా పని సేసుకుంటా."

మోటారు వేగానికని రాసుకున్న స్వరాలన్నీ వృథా అయ్యాయి. ధనమ్మ చెయ్యి ఒకసారి గబగబా, ఒకసారి బరువుగా తిరుగుతోంది. మొదటిసారి నేను ఆమెకంటే ముందు పరుగెత్తాను. రెండోసారి పక్కింటి గ్రైండరు మోగింది. మూడోసారి రాసుకున్నవి వదిలేసి, పలక తగిలేదాకా ఒకే ఊపిరిలో ఒక్క స్వరాన్నే పట్టుకుని నిలబడ్డాను. మధ్యలో ఆమె ఆగిపోయింది. నేను ఆగలేదు.

"సెయ్యి నొప్పిగుండాది, ఉండు!" అని నవ్వి, కొంగుతో నుదురు తుడుచుకుని మళ్లీ తిప్పింది. ఆ నవ్వుతో సహా రికార్డయింది.

మధ్యాహ్నం బస్టాండు నుంచే కిరణ్‌కు పంపాను. పుత్తూరు దాటాక ఫోన్ చేశాడు.

"మగ్గాలేవి?"

"అదే మగ్గం."

"ఆగిపోయిన చోట కత్తిరిస్తా. నవ్వు కూడా తీసేస్తా."

"తీసేస్తే నా పేరు కూడా తీసెయ్."

అతను రికార్డింగు మళ్లీ పెట్టాడు, ఫోన్లో ధనమ్మ నవ్వు వినిపించింది. "సరే. మరి ఆమె పేరేం వెయ్యాలి?" అన్నాడు.

నాతో కలిసి వాయించినవాళ్లంటే వాయిద్యం పట్టినవాళ్లేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ రోజు నాకు తాళం ఇచ్చింది నూనె పట్టిస్తున్న చెయ్యి. ఆ చెయ్యి నా కోసం తిరగలేదు, నేనే దాని వెనక నడిచాను. ధనమ్మ పేరు నా పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో వేయించాను. మగ్గాల హోరు వినడానికి నగరి వెళ్లేవాళ్లు ముందు క్యాలెండర్లో అమావాస్య ఎప్పుడో చూసుకోండి. అదే రోజు పడితే మాత్రం ప్రయాణం మానుకోకండి, నూనె పట్టించే వేళకు వెళ్లండి.